నివురు గప్పిన నిప్పు.. ఆదమరిస్తే ముప్పు
ఇళ్ల వద్ద పెరుగుతున్న ‘గ్రిల్’ వేడుకలు
సరదా వచ్చింది.. జాగ్రత్త రాలేదు

రాజమహేంద్రవరం: నిప్పుల మీద కాల్చిన మాంసం గోదావరి వాసులకు కొత్తేమీ కాదు. మారేడుమిల్లి అడవుల్లో వెదురు బొంగులో కోడిమాంసం కూరి నిప్పుల మీద కాల్చే విధానం పర్యాటకులందరికీ తెలిసిందే. కొత్తదల్లా ఆ నిప్పు పట్టణాల్లోని మేడల మీదకు, అపార్టుమెంట్ల బాల్కనీల్లోకి, కారు షెడ్లలోకి చేరడమే. డిసెంబరు 31 రాత్రి మొదలుకొని సంక్రాంతి ముక్కనుమ వరకు ఆరుబయట గ్రిల్ పెట్టి, బంధుమిత్రులతో కలిసి కాల్చుకు తినడం ఒక వేడుకగా మారుతోంది. సెలవులకు అమెరికా నుంచి వచ్చే పిల్లలు ఈ అలవాటుకు మరింత ఊపునిస్తున్నారు. పండుగ పూట నలుగురు కలిసి తినడాన్ని తప్పుపట్టాల్సిన పని లేదు. అయితే దుకాణం నుంచి గ్రిల్ వచ్చినంత తేలికగా, దానిని వాడే తీరుపై అవగాహన రాకపోవడమే ఆందోళన కలిగిస్తున్న అంశం.

తరం మారింది.. తెలివిడి జారింది

ఒకప్పుడు ప్రతి ఇంటా కట్టెల పొయ్యి, బొగ్గుల కుంపటి ఉండేవి. నిప్పును ఎక్కడ రాజేయాలి, ఎప్పుడు ఆర్పాలి, నివురు కింద ఎంత సెగ దాగి ఉంటుంది అన్నది ఇంట్లోని పిల్లలకు సైతం తెలిసేది. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో ప్రారంభమైన దీపం పథకం, 2016లో కేంద్రం చేపట్టిన ఉజ్వల యోజనతో గ్యాస్ పొయ్యి మారుమూల గ్రామాలకూ చేరింది. పొగ బారి నుంచి మహిళలకు విముక్తి లభించింది. ఇది నిస్సందేహంగా మంచి పరిణామమే. కాగా ఆ క్రమంలోనే బొగ్గు నిప్పుతో మెలగడం తెలియని తరం ఒకటి ఎదిగివచ్చింది.

మరోవైపు ఇళ్ల నిర్మాణమూ మారిపోయింది. పెంకుటిల్లుకు పెంకుల సందుల్లోంచి, చూరు కింద నుంచి గాలి ఆడుతూనే ఉండేది. కుంపటి వసారాలో పెట్టినా, వంటింట్లో పెట్టినా విషవాయువు నిలిచేది కాదు. నేటి శ్లాబు ఇళ్లలో ఏసీ చల్లదనం బయటకు పోకుండా, దోమలు లోనికి రాకుండా కిటికీలన్నీ బిగించేస్తున్నారు. నాటి నిప్పును నేటి గదిలోకి తెస్తే పరిణామం ఒకేలా ఉండదన్న సంగతి గుర్తించాల్సి ఉంది. ‘మా తాతల కాలంలో కుంపట్లు లేవా, వాళ్లకేమైంది?’ అన్న ప్రశ్నకు సమాధానం ఇక్కడే ఉంది.

కంటికి కనిపించని శత్రువు

గ్రిల్ అనగానే అందరూ మంటకే భయపడతారు. నిజానికి ప్రాణాలు తీయడంలో మంట కంటే ప్రమాదకరమైనది కార్బన్ మోనాక్సైడ్. బొగ్గు పూర్తిగా కాలేందుకు తగినంత గాలి అందనప్పుడు ఈ వాయువు పుడుతుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండించే గుణమూ లేదు. పొగ ఆగిపోయి ఎర్రగా కణకణలాడుతున్న నిప్పులను చూసి ‘ఇక పొగ లేదు కదా, గదిలో పెట్టుకుందాం’ అనుకోవడంలోనే అసలు ప్రమాదం దాగి ఉంది. పొగ కనిపించకపోయినా ఆ నిప్పుల నుంచి విషవాయువు వెలువడుతూనే ఉంటుంది.

మనిషి రక్తంలోని హిమోగ్లోబిన్ ప్రాణవాయువును మోసుకెళుతుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు హిమోగ్లోబిన్‌తో కలిసే గుణం ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా ఎక్కువ. ఫలితంగా మనిషి గాలి పీలుస్తున్నా శరీరానికి ప్రాణవాయువు అందదు. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, నీరసం తొలి లక్షణాలు. పండుగ రాత్రి ఇవి కనిపిస్తే తిండి పడలేదనో, నిద్ర చాలలేదనో సర్దిచెప్పుకోవడం సహజం. మద్యం సేవించిన వారైతే మత్తు అనుకుని పడుకుంటారు. అలా పడుకున్న వారు తిరిగి లేవకపోయిన సందర్భాలు ఎన్నో. ఒకే గదిలో ఉన్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి వస్తే తొలుత అనుమానించాల్సింది ఈ వాయువునే.

కొవిడ్ అనంతరం అనేక ఇళ్లలో వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటరు ఉంటోంది. దానిపై 98, 99 అంకెలు కనిపించాయని నిశ్చింతగా ఉండటం పొరపాటు. ప్రాణవాయువు కలిసిన హిమోగ్లోబిన్‌కు, కార్బన్ మోనాక్సైడ్ కలిసిన హిమోగ్లోబిన్‌కు తేడాను ఆ సాధారణ పరికరం గుర్తించలేదు. విషం ఎక్కుతున్నా అంతా బాగున్నట్లే చూపుతుంది. బాధితులను వెంటనే బయటి గాలికి చేర్చి, 108కి ఫోన్ చేసి, ఆస్పత్రిలో పూర్తిస్థాయి ఆక్సిజన్ అందేలా చూడటమే మార్గం. బొగ్గుల గదిలో ఉన్న సంగతిని వైద్యులకు ముందే చెప్పడం ఎంతో అవసరం.

చలి రాత్రుల్లో జరిగిన విషాదాలు

2024 జనవరిలో ఢిల్లీలో చలికి తట్టుకోలేక గదిలో కుంపటి పెట్టుకుని తలుపులు మూసి నిద్రించిన వారిలో ఆరుగురు రెండు వేర్వేరు ఘటనల్లో ఊపిరాడక మరణించారు. వారిలో ఇద్దరు చిన్నారులు ఉన్నారు. ఉత్తరాదిన దాదాపు ప్రతి చలికాలంలోనూ ఇలాంటి వార్తలు వెలువడుతూనే ఉన్నాయి.

ఇది పేదరికానికో, అవిద్యకో పరిమితమైన సమస్య కాదని చెప్పేందుకు అమెరికాయే నిదర్శనం. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ రాష్ట్రాన్ని మంచు తుపాను ముంచెత్తి లక్షలాది ఇళ్లకు కరెంటు నిలిచిపోయింది. చలికి ఆగలేక కొందరు పెరటిలోని బొగ్గుల గ్రిల్‌ను ఇంట్లోకి తెచ్చుకున్నారు. మరికొందరు గ్యారేజీలో కారు ఇంజిను నడిపి వెచ్చదనం కోసం ప్రయత్నించారు. ఫలితంగా వెయ్యి మందికి పైగా విషవాయువు బారినపడి వైద్యం పొందారు. పది మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. తెలుగు కుటుంబాలు పెద్దసంఖ్యలో స్థిరపడిన రాష్ట్రం అది. ప్రతి గ్రిల్ మీదా ‘ఇంటి లోపల వాడరాదు’ అన్న హెచ్చరిక ముద్రించి ఉండే దేశంలోనే ఇంత జరిగింది. హెచ్చరిక కాగితం లేకుండానే గ్రిల్ చేతికందే చోట ఎంత అప్రమత్తత అవసరమో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

గోదావరి జిల్లాల్లో ఢిల్లీ స్థాయి చలి లేకపోవచ్చు. అయితే మన్యంలో డిసెంబరు, జనవరి నెలల్లో చలి వణికిస్తుంది. గుడారాల్లో, అతిథి గృహాల్లో బస చేసే పర్యాటకులు వంట ముగిశాక మిగిలిన నిప్పులను గుడారంలోకి తెచ్చుకుంటే అది మృత్యువును పక్కలోకి పిలవడమే. ఇక మైదాన ప్రాంతంలో బాలింత గదిలో కుంపటి పెట్టే ఆచారం పల్లెల్లో ఇంకా కొనసాగుతోంది. పసికందుకు సాంబ్రాణి ధూపం వేశాక నిప్పుల పళ్లాన్ని గదిలోనే ఉంచి తలుపు మూస్తున్న ఇళ్లూ ఉన్నాయి. పసిపిల్లలు, గర్భిణులు, గుండెజబ్బు ఉన్నవారు ఈ వాయువుకు త్వరగా లొంగిపోతారు. ఆచారాన్ని పాటించేవారు ధూపం వేసిన వెంటనే నిప్పులను ఆరుబయటకు తరలించి, కిటికీలు తెరవాలి.

మేడ మీద సిలిండర్.. మెట్ల మీదుగా గ్యాస్

బొగ్గుతో బాధలెందుకని కొందరు గ్యాస్ గ్రిల్‌ను ఎంచుకుంటున్నారు. వీరు తెలుసుకోవాల్సిన ముఖ్య విషయం ఒకటుంది. వంటగ్యాస్ గాలి కంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువైనది. లీకైన గ్యాస్ ఆకాశంలోకి పోదు, నేల మీద పాకుతుంది. మేడ మీద ఆరుబయటే కదా అన్న ధీమా పనికిరాదు. చుట్టూ పిట్టగోడ ఉంటే గ్యాస్ అక్కడే నిలుస్తుంది, లేదా మెట్ల మీదుగా కింది అంతస్తుకు జారుతుంది. గాలిలో గ్యాస్ దాదాపు 2 శాతానికి చేరితే చాలు, నిప్పురవ్వ తగిలినా, స్విచ్చి వేసినా అంటుకుంటుంది.

గ్యాస్ గ్రిల్‌కు మూత ఉంటుంది. ఆ మూత తెరిచి ఉంచి మాత్రమే వెలిగించాలి. మూత వేసి గ్యాస్ తిప్పితే లోపల నిండిన గ్యాస్ ఒక్కసారిగా భగ్గుమని, ముందు నిలబడిన వారి ముఖాన్ని, చేతులను కాల్చేస్తుంది. ఒకసారి వెలగకపోతే వెంటనే మళ్లీ ప్రయత్నించరాదు. నాబ్ కట్టేసి, కనీసం 5 నిమిషాలు ఆగి, గ్యాస్ చెదిరిపోయాకే తిరిగి వెలిగించాలి. వాడేముందు గొట్టం పొడవునా, రెగ్యులేటరు వద్ద సబ్బు నురుగు రాసి చూడాలి. బుడగలు వస్తే లీకు ఉన్నట్లే. అగ్గిపుల్ల గీసి చూడటం ఆత్మహత్యా సదృశం.

విదేశాల నుంచి తెచ్చుకున్న గ్రిల్‌ను ఇక్కడి సిలిండర్‌కు ఏదో ఒక గొట్టంతో బిగించడం మరో ప్రమాదం. అక్కడి అమరిక వేరు, ఇక్కడి అమరిక వేరు. ఐఎస్‌ఐ గుర్తు ఉన్న రెగ్యులేటరు, సురక్షా గొట్టం మాత్రమే వాడాలి. గొట్టాన్ని ఐదేళ్లకోసారి మార్చాలి. నిప్పుల సెగ తగిలేలా గొట్టాన్ని గ్రిల్ కింద నుంచి లాగరాదు. సిలిండర్‌ను నిటారుగానే నిలపాలి. పడుకోబెడితే వాయువుకు బదులు ద్రవమే గొట్టంలోకి వచ్చి మంట అదుపు తప్పుతుంది. సిలిండర్ మెడ వద్ద ఇంగ్లిషు అక్షరం, రెండంకెల సంఖ్య రాసి ఉంటాయి. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే ఏప్రిల్ నుంచి జూన్, సి అంటే జులై నుంచి సెప్టెంబరు, డి అంటే అక్టోబరు నుంచి డిసెంబరు. పక్కనున్న అంకె సంవత్సరం. ఆ గడువు దాటిన సిలిండర్‌ను తీసుకోకుండా తిప్పి పంపే హక్కు వినియోగదారుకు ఉంది. గ్యాస్ లీకైతే 1906 నంబరుకు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు.

ఇంటి అవసరాలకిచ్చే 14.2 కిలోల సిలిండర్‌ను అతిథి గృహాలకు, క్యాటరింగ్ వంటలకు వాడటం 2000 నాటి ఎల్పీజీ సరఫరా, పంపిణీ నియంత్రణ ఉత్తర్వు ప్రకారం నేరం. గ్యాస్ ప్రమాదాలకు చమురు సంస్థల తరఫున బీమా ఉన్న విషయం చాలామందికి తెలియదు. నిబంధనలకు విరుద్ధంగా వాడిన సందర్భంలో ఆ పరిహారం అందడం కష్టమవుతుంది.

ఎక్కడ పెట్టాలి.. ఎలా రాజేయాలి

గ్రిల్‌ను ఇంటి గోడకు, చూరుకు, చెట్ల కొమ్మలకు కనీసం 10 అడుగుల దూరంలో చదునైన నేల మీద పెట్టాలన్నది అమెరికాలో ఏళ్ల తరబడి అమలవుతున్న సూత్రం. అక్కడి జాతీయ అగ్నిప్రమాద నివారణ సంఘం లెక్కల ప్రకారం 2014 నుంచి 2018 వరకు గ్రిల్‌ల వల్ల ఇళ్ల వద్ద ఏటా సగటున 10 వేలకు పైగా అగ్నిప్రమాదాలు జరిగాయి. వాటిలో అత్యధికం గ్యాస్ గ్రిల్‌ల వల్లనే. గ్రిల్‌ను శుభ్రం చేయకపోవడం ప్రధాన కారణంగా తేలింది. చువ్వలకు, కింది పళ్లేనికి పట్టిన కొవ్వు మరోసారి వేడెక్కినప్పుడు అంటుకుంటుంది. వాడిన ప్రతిసారీ కడిగి ఆరబెట్టడమే దీనికి విరుగుడు. ఇనుప తీగల బ్రష్‌తో రుద్దితే తీగముక్క ఊడి చువ్వలకు అంటుకుని, మాంసంతో పాటు గొంతులోకి పోయే ప్రమాదం ఉందని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ 2012లోనే హెచ్చరించింది. కొబ్బరి పీచు, గుడ్డతో తుడుచుకోవడం మేలు.

గోదావరి జిల్లాల పరిస్థితులకు మరికొన్ని జాగ్రత్తలు చేర్చుకోవాలి. సంక్రాంతి నాటికి ఖరీఫ్ కోతలు ముగిసి ఊరూరా గడ్డిమేట్లు వేసి ఉంటాయి. లంక గ్రామాల్లో తాటాకిళ్లు, కొబ్బరాకు పందిళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఒక్క నిప్పురవ్వ ఎగిరి చూరు మీద పడితే ఆ ఇల్లే కాదు, పక్కనున్న నాలుగిళ్లూ బుగ్గి కావచ్చు. గాలి విసురుగా ఉన్న రోజున గ్రిల్ జోలికి పోకపోవడమే ఉత్తమం. మేడ మీద అయితే ఆరేసిన దుస్తులు, ఎండ కోసం కట్టిన పరదాలు, ప్లాస్టిక్ ట్యాంకులు, దగ్గరగా పోయే కరెంటు తీగలు లేని చోటు చూసుకోవాలి. బాల్కనీలో అసలే పెట్టరాదు.

నిప్పు రాజుకోవడం లేదని పెట్రోలు చల్లడం అన్నింటికంటే ఘోరమైన తప్పిదం. పెట్రోలు ఆవిరి సాధారణ వేడిమిలోనే పుట్టి, మంటను సీసా వరకు లాక్కొస్తుంది. కొవిడ్ నాటి నుంచి ఇళ్లలో మిగిలిపోయిన శానిటైజర్‌నూ ఇందుకు వాడరాదు. ఆల్కహాలు మంట వెలుతురులో సరిగా కనిపించదు. ఆరిపోయిందనుకుని మళ్లీ పోస్తే సీసా చేతిలోనే పేలుతుంది. కొబ్బరి డొక్కలు, ఎండు పుల్లలతో మెల్లగా రాజేసి విసనకర్రతో విసురుకోవడమే పాత, భద్రమైన పద్ధతి. నైలాన్, పాలిస్టర్ చీరలు, వేలాడే చున్నీలు, వదులు చేతుల చొక్కాలు వేసుకుని గ్రిల్ దగ్గరకు వెళ్లరాదు. అవి కరిగి ఒంటికి అతుక్కుపోతాయి. పొడవాటి పట్టకారు వాడాలి. మద్యం మత్తులో ఉన్నవారిని నిప్పుకు దూరంగా ఉంచాలి. పిల్లలకు మూడడుగుల అవతల గీత గీసి, చూసుకోవడానికి ఒక పెద్దను ప్రత్యేకంగా నియమించుకోవాలి.

ఒక బకెట్ ఇసుక, మరో బకెట్ నీళ్లు చేరువలో ఉంచుకోవాలి. కొవ్వు అంటుకున్నప్పుడు నీళ్లు పోయరాదు. నీరు ఒక్కసారిగా ఆవిరై మండుతున్న కొవ్వును చుట్టూ చిమ్ముతుంది. గ్యాస్ కట్టి, మూత వేసి, లేదా ఇసుక చల్లి ఆర్పాలి. మంట అదుపు తప్పితే 101కి గానీ, 112కి గానీ ఆలస్యం చేయకుండా సమాచారమివ్వాలి.

బూడిద కింద దాగిన సెగ

వంట ముగిసింది కదా అని అందరూ భోజనాలకు కూర్చునే వేళ రెండో ప్రమాదం మొదలవుతుంది. నివురు గప్పిన బొగ్గు గంటల తరబడి, ఒక్కోసారి మర్నాటి వరకు వేడిగానే ఉంటుంది. దానిని పెరటిలో పారబోస్తే ఉదయం చెప్పుల్లేకుండా ఆడుకునే పిల్లల పాదాలు కాలుతాయి. ప్లాస్టిక్ చెత్తబుట్టలో వేస్తే అది అంటుకుంటుంది. పురపాలక సంఘం చెత్త బండిలో వేస్తే, ఏ పాపం తెలియని పారిశుధ్య కార్మికులు ప్రమాదంలో పడతారు. బొగ్గులను ఇనుప బకెట్‌లోకి తీసి, కొద్దికొద్దిగా నీళ్లు పోస్తూ కలిపి, చేయి దగ్గర పెట్టినా సెగ తగలనంత చల్లారాకే పారవేయాలి.

కాలిన గాయానికి చన్నీళ్లే మందు

ఎవరికైనా కాలితే వెంటనే ఆ భాగాన్ని పారే చన్నీటి కింద 20 నిమిషాల పాటు ఉంచాలి. ఐసు ముక్కలు పెట్టరాదు. పేస్టు, సిరా, పసుపు, కోడిగుడ్డు సొన పూయడం పల్లెల్లో ఇంకా పోలేదు. వీటివల్ల గాయంలో చీము పట్టడమే కాక, లోతు ఎంతో వైద్యులు చూసి చెప్పడమూ కష్టమవుతుంది. ఉంగరాలు, గాజులు వాపు రాకముందే తీసేయాలి. అతుక్కున్న గుడ్డను పీకరాదు. శుభ్రమైన పలుచని గుడ్డ కప్పి ఆస్పత్రికి తరలించాలి. దుస్తులు అంటుకున్న వారు పరుగెత్తితే మంట పెరుగుతుంది. నేల మీద పడి దొర్లాలి, లేదా మందపాటి నూలు దుప్పటి చుట్టాలి.

ఆరోగ్యపరంగా మరో మాట. పైన మాడి లోపల పచ్చిగా ఉన్న కోడిమాంసం వాంతులు, విరేచనాలకు దారితీస్తుంది. మాంసం నడిమి భాగం 74 డిగ్రీల సెల్సియస్‌కు చేరితేనే క్రిములు నశిస్తాయి. కోసి చూస్తే లోపల గులాబీ రంగు, ఎర్రని రసం ఉండకూడదు. పచ్చి మాంసం పెట్టిన పళ్లెంలోనే కాల్చిన ముక్కలు వేయరాదు. మసాలా పట్టించిన మాంసాన్ని రెండు గంటలకు మించి బయట ఉంచరాదు.

వారోత్సవాలు వేసవిలో.. వేడుకలు చలికాలంలో

అగ్నిమాపక శాఖ ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు వారోత్సవాలు నిర్వహిస్తోంది. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఓడ పేలిన దుర్ఘటనలో అసువులు బాసిన అగ్నిమాపక సిబ్బంది స్మృత్యర్థం ఇవి మొదలయ్యాయి. వేసవి అగ్నిప్రమాదాల దృష్ట్యా ఆ సమయం సరైనదే. అయితే ఇళ్ల వద్ద నిప్పు వేడుకలు, భోగి మంటలు, పర్యాటకుల చలిమంటలు అన్నీ డిసెంబరు, జనవరి నెలల్లోనే. క్రిస్మస్‌కు ముందే మరో విడత ప్రచారం చేపడితే ప్రయోజనం ఎక్కువ. సొంత ఇళ్లకు అగ్నిమాపక తనిఖీలు, నిరభ్యంతర పత్రాలు ఉండవు. అంటే అక్కడ జాగ్రత్త పూర్తిగా ఇంటి యజమాని చేతుల్లోనే ఉందని అర్థం.

ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ సిబ్బంది బాలింతల ఇళ్లకు వెళ్లినప్పుడు కుంపటి సంగతి ఒక్క మాట చెప్పినా ప్రాణాలు నిలుస్తాయి. గ్యాస్ డీలర్లు సిలిండర్ ఇచ్చే వేళ తెలుగులో ముద్రించిన కరపత్రం చేతిలో పెట్టవచ్చు. మన్యంలోని అతిథి గృహాల నిర్వాహకులు ‘గుడారంలోకి నిప్పులు తీసుకెళ్లరాదు’ అన్న బోర్డు పెట్టడానికి పెద్దగా ఖర్చు కాదు. గ్రిల్‌లు అమ్మే దుకాణదారులు సైతం ఇనుప చువ్వలతో పాటు ఈ నాలుగు మాటలూ చెప్పి పంపడం ధర్మం.

వండేవారు మంట మీద కన్నేసి ఉంచడం, నిప్పును ఆరుబయటే వదిలిపెట్టడం, పడుకునే ముందు పూర్తిగా ఆర్పడం. ఈ మూడూ పాటిస్తే పండుగ పండుగలాగే ముగుస్తుంది. ఊరి నుంచి వచ్చిన పిల్లలు క్షేమంగా తిరిగి బయలుదేరుతారు.